34 ఏళ్ళకే కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాలా? బెంగళూరులో ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

బెళ్ళందూరు కావలి:
అందరికీ నమస్కారం. మాది కావలి, ఉద్యోగం ఇక్కడ అవుటర్ రింగ్ రోడ్డు మీద. వయసు 34. కంపెనీ ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో ఈసారి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) నిండా ఎర్ర అంకెలే. టోటల్ కొలెస్ట్రాల్ 246, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 210, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 5.8. బీపీ బాగుంది. సిగరెట్టు లేదు, వారాంతంలో మందు ఉంటుంది. నాన్నకి 47వ ఏట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు.

డాక్టరు రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. అమ్మ ఫోన్లో ఒకటే గొడవ: "పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, ఇప్పట్నుంచే గుండె మాత్రలేంట్రా, అన్నం తగ్గించి నడువు." చీటీ పర్సులోనే ఉంది, మాత్ర కొనలేదు. తిండితో తగ్గించుకోవచ్చా? ఈ మాత్ర ఒకసారి మొదలుపెడితే ఇక మానలేమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కేఆర్ పురం ల్యాబ్ తమ్ముడు:
అన్నా, ల్యాబులో పనిచేస్తాను కాబట్టి ముందు ఆ కాగితం సంగతి చెప్తాను. చాలా చోట్ల ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, లెక్కకట్టి వేస్తారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు కూడా తీసేస్తే మిగిలింది ఎల్‌డీఎల్. నీదే వేసి చూడు. 246లో 36 పోతే 210. ట్రైగ్లిజరైడ్లు 210లో ఐదో వంతు 42. అదీ పోతే 168. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ వాళ్ళు ఇచ్చిన సూత్రం ఇది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం ఈ లెక్క నమ్మకూడదు, ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలిపించుకోవాలి.

టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే వచ్చిన 210 ఉంది చూడు, దాన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళంలో పూడిక పెట్టగల రేణువుల్లో ఉన్న కొలెస్ట్రాల్ అంతా అందులోకి వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న మనలాంటి వాళ్ళకి ఎల్‌డీఎల్ ఒక్కటే చూస్తే సరిపోదు, ఈ అంకె కూడా చూడాలి. కాగితం మీద అచ్చు వేయకపోయినా ఇంట్లో తీసివేత చేసుకోవచ్చు.

ఇంకోటి. మామూలుగా ఈ పరీక్షకి పస్తు అక్కర్లేదు. ఇడ్లీ తిని వచ్చినా ఎల్‌డీఎల్ పెద్దగా మారదు, ట్రైగ్లిజరైడ్లే కొంచెం పెరుగుతాయి. అవి మరీ ఎక్కువొస్తేనే పరగడుపున మళ్ళీ చేయమంటాం. ముందురోజు రాత్రి మందు పార్టీ అయితే మాత్రం ట్రైగ్లిజరైడ్లు బాగా ఎగురుతాయి. డెంగీలాంటి జ్వరం వచ్చి తగ్గిన కొత్తలో చేయిస్తే ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

టీఎస్‌హెచ్ చేయించావా? థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అదే కారణమైతే వైద్యమే వేరు.

సహజ జీవనం:
తమ్ముడూ, తొందరపడొద్దు. కొలెస్ట్రాల్ ఒంటికి శత్రువు కాదు. మెదడు నిండా అదే, హార్మోన్లు దాంతోనే తయారవుతాయి. మా తాతలు గిన్నెలతో నెయ్యి తాగి 90 ఏళ్ళు బతికారు. గుండెపోటు వచ్చినవాళ్ళలో చాలామందికి కొలెస్ట్రాల్ నార్మలే ఉంటుందని వీడియోల్లో డాక్టర్లే చెబుతున్నారు. మందుల కంపెనీలకు లాభం లేకపోతే ఇంత ప్రచారం ఎందుకు చేస్తాయి? గానుగ నూనె వాడు, పొద్దున్నే వెల్లుల్లి తిను, చక్కెర మానెయ్. నేను ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నా, నీ మంచి కోరి.

హిందూపురం పెద్దాయన:
నాయనా సహజ జీవనం, నీ మంచి మనసు అర్థమవుతాండాది. కానీ తాతల నెయ్యి సంగతి నాకు తెల్సు. మా ఇంట్లో నెయ్యి పండగనాడే కనపడేది. రోజూ తినే స్తోమతు ఊర్లో నాలుగిండ్లకు ఉంటే ఎక్కువ. తక్కినోళ్ళందరం రాగి సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు తిని పొద్దుగూకేదాకా చేన్లో ఉండేవాళ్ళం. 90 ఏళ్ళు బతికినోళ్ళు గుర్తుంటారు. 50కే పోయినోళ్ళను "ఎదలో నొప్పి వచ్చి పోయినాడు" అని ఒక్కమాటలో తేల్చేసినారు, కారణం అడిగినోడు లేడు.

నాకు రెండు స్టెంట్లు ఉండాయి. పిల్లోడా, మీ నాయనకు 47లో వచ్చింది అంటాండావే, దాన్ని చిన్న సంగతిగా తీసుకోవద్దు.

జయనగర్ డాక్టరమ్మ:
నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఇక్కడ ఎవరికీ మందు రాయను, మీ డాక్టరు మాటే మీకు ప్రమాణం. విషయం మాత్రం వివరంగా చెబుతాను.

సహజ జీవనం గారు లేవనెత్తినవి నా దగ్గరికి వచ్చే వాళ్ళందరూ అడిగేవే. కొలెస్ట్రాల్ ఒంటికి అవసరమన్నది నిజం. అయితే దాదాపు ప్రతి కణం తనకు కావాల్సింది తానే తయారుచేసుకోగలదు. మెదడు రక్తంలోంచి తీసుకోదు, సొంతంగా చేసుకుంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో ఎల్‌డీఎల్ 30 దరిదాపుల్లో ఉంటుంది. మెదడు అత్యంత వేగంగా పెరిగే వయసది! 168 ఉంటేనే మెదడు బాగుంటుందనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాగేసే పని కాలేయానిది. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. వాటిని కనిపెట్టి వివరించినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, పామాయిల్లో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఆ గ్రాహకాలు తగ్గిపోతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంటుంది. మీకు రాసిన రోసువాస్టాటిన్‌లాంటి మందుల్ని స్టాటిన్లు అంటారు. స్టాటిన్ చేసేది దీనికి తలకిందులు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది, దాంతో కాలేయం తన అవసరానికి మరిన్ని గ్రాహకాలు పెంచుకుని రక్తంలోంచి లాక్కుంటుంది.

"కంపెనీల ప్రచారం" అన్న అనుమానానికి నేను చెప్పే జవాబు మందులతో సంబంధం లేనిది. పీసీఎస్‌కే9 అనే జన్యువు ఆ గ్రాహకాలను నాశనం చేసే ప్రొటీన్‌ని తయారుచేస్తుంది. పుట్టుకతోనే ఆ జన్యువు పనిచేయని మనుషులు కొందరున్నారు. 2006లో అమెరికాలో నల్లజాతివారి మీద వచ్చిన అధ్యయనంలో అలాంటి వాళ్ళ ఎల్‌డీఎల్ మిగతావాళ్ళకంటే 28 శాతం తక్కువ, గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ. వాళ్ళెవరూ మాత్ర మింగలేదు, పత్యం చేయలేదు. ఎల్‌డీఎల్ పుట్టినప్పటినుంచీ తక్కువ ఉంది, అంతే. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నన్ను ఇంతగా ఒప్పించిన రుజువు మరొకటి లేదు.

అప్పు చిన్నదైనా ఏళ్ళ తరబడి తీర్చకపోతే వడ్డీ కొండంత అవుతుంది కదా, ఎల్‌డీఎల్ కూడా అంతే. ఎంత ఉందన్నదే కాదు, ఎన్నేళ్ళుగా ఉందన్నదీ లెక్కే. అందుకే 34 ఏళ్ళకి "ఇంకా చిన్నవాడు" అనే వాదన నాకు నచ్చదు. 60లో మొదలుపెట్టినవాళ్ళకంటే ఇప్పుడు తగ్గించుకున్నవాళ్ళకే లాభం ఎక్కువ.

"నార్మల్ ఉన్నవాళ్ళకీ గుండెపోటు వస్తోంది" అన్నదీ నిజమే. కాగితం మీద నార్మల్ అని వేసే హద్దు అందరికీ ఒకటే, మనుషుల ముప్పు మాత్రం ఒకటి కాదు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ముప్పు తక్కువ ఉన్నవాళ్ళకి ఎల్‌డీఎల్ 100 లోపు, ఎక్కువ ఉన్నవాళ్ళకి 70 లోపు, ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్ళలాంటి అతి ముప్పువాళ్ళకి 55 లోపు ఉండాలన్నారు. స్టెంట్ ఉన్న మనిషికి 110 వస్తే ల్యాబు కాగితం మీద నల్ల అక్షరాల్లోనే పడొచ్చు. కానీ ఆయనకది రెట్టింపు.

బెళ్ళందూరు కావలి గారూ, తండ్రికి గానీ అన్నదమ్ములకి గానీ 55 లోపు, తల్లికి గానీ అక్కచెల్లెళ్ళకి గానీ 65 లోపు గుండెజబ్బు వస్తే దాన్ని కుటుంబ ముప్పుగా లెక్కేస్తాం. మీ విషయంలో అది ఉంది. హెచ్‌డీఎల్ తక్కువ, షుగరు సరిహద్దులో ఉంది. జీవితంలో ఒక్కసారైనా చేయించుకోవాల్సిన పరీక్ష ఒకటుంది, లైపోప్రొటీన్-ఏ. అది అడిగి చేయించుకోండి.

వైట్‌ఫీల్డ్ వంటిల్లు:
తిండి సంగతి నేను చెబుతాను. మా ఆయనకు 38లో ఎల్‌డీఎల్ 150 దాటితే డాక్టరు ఇంటి వంట మీదే ముందు దృష్టి పెట్టమన్నారు, వాళ్ళింట్లో గుండెజబ్బు ఎవరికీ లేదు కాబట్టి.

అన్నిటికంటే ముందు నూనె డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేదు" అన్న అక్షరాలు చూసి కొనడం మానేయాలి. మొక్కలనుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు ఎంతుందని. కొబ్బరినూనెలో సుమారు 90 శాతం, నెయ్యిలో 60 శాతం పైన, పామాయిల్లో సగం. వేరుశెనగ నూనె 20 లోపు, నువ్వుల నూనె 15 దగ్గర, సన్‌ఫ్లవర్ 10 చిల్లర. గానుగలో ఆడించినా, ఫ్యాక్టరీలో తీసినా ఈ లెక్క మారదు. గానుగ కొబ్బరినూనె కూడా కొబ్బరినూనే.

రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 15 గ్రాముల దగ్గర ఆపమంటారు. చెంచా నెయ్యిలో 3 గ్రాములు. అంటే పప్పన్నంలో ఒక చెంచా వేసుకుంటే కొంపలేమీ మునగవు. మునిగేది ఇక్కడ హోటళ్ళలో బెణ్ణె దోసె మీద కరిగే వెన్నముద్దతో, నాలుగింటికి ఆఫీసు కింద బేకరీలో తినే పఫ్‌తో, సాయంత్రం టీతో నమిలే మిక్చర్, బిస్కెట్లతో. చాలా బిస్కెట్లలో పామాయిలే. పొట్లం వెనక అక్షరాలు చదివితే తెలుస్తుంది.

మాకు బాగా పనికొచ్చింది పీచు. ఓట్స్, బార్లీలో ఉండే జిగురు పీచు ఎల్‌డీఎల్‌ని కొంచెం తగ్గిస్తుంది, పప్పుధాన్యాల పీచు కూడా. మాది చిత్తూరు జిల్లా. చలికాలం వస్తే ఇక్కడి మార్కెట్లో అవరెకాయి కుప్పలు, అవే మన అనపకాయలు. పితికిన పప్పు కూర, అనపగింజల పులుసు వారంలో చాలాసార్లు చేస్తాను. మిగతా కాలంలో అలసందలు, శనగలు, రాజ్మా. ఇసబ్‌గోల్ రోజుకు రెండు చెంచాలు నీళ్ళలో కలిపి ఇస్తాను.

గుడ్డు అడుగుతారని ముందే చెప్తున్నా. తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వే ఎల్‌డీఎల్‌ని ఎక్కువ పెంచుతుంది. మా డాక్టరు రోజుకొకటి తినమన్నారు.

బెళ్ళందూరు కావలి:
అక్కా, చాలా ఉపయోగంగా ఉంది. ఇవన్నీ చేస్తే మీ ఆయనకు ఎంత తగ్గింది?

వైట్‌ఫీల్డ్ వంటిల్లు:
152 నుంచి 131కి వచ్చింది. ఆయన బరువు కూడా తగ్గారు. ట్రైగ్లిజరైడ్లయితే సగానికి పడ్డాయి, రాత్రి అన్నం తగ్గించి బీరు మానేశాక.

జయనగర్ డాక్టరమ్మ:
వంటిల్లు గారు చెప్పిన అంకె వాస్తవానికి చాలా దగ్గరగా ఉంది. నిజంగా పట్టుదలగా చేసినవాళ్ళకి తిండితో ఎల్‌డీఎల్ 10 నుంచి 15 శాతం తగ్గుతుంది. ట్రైగ్లిజరైడ్లు మాత్రం తిండి మార్పుకి, బరువు తగ్గడానికి, తాగుడు మానడానికి చాలా త్వరగా లొంగుతాయి. తెల్లన్నం, చక్కెర, ఆల్కహాలు తగ్గిస్తే వారాల్లోనే తేడా తెలుస్తుంది.

మరి 168లో 15 శాతం పోతే 143. రోసువాస్టాటిన్ 10తో సుమారు 45 శాతం తగ్గుతుంది, అంటే 90ల్లోకి వస్తుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని మీ డాక్టరుతో మాట్లాడండి. పత్యమా, మాత్రా అని ఒకదాన్నే ఎంచుకోవాల్సిన పని లేదు. షుగరుకీ బరువుకీ ట్రైగ్లిజరైడ్లకీ తిండి, నడక తప్పవు. ఎల్‌డీఎల్‌ని కావాల్సినంత దించడం మీ కుటుంబ చరిత్ర ఉన్నవాళ్ళకి తిండి ఒక్కదానితో అరుదుగా కుదురుతుంది.

హెచ్‌డీఎల్ 36 గురించి బెంగపడి దాన్ని పెంచే మాత్ర వెతక్కండి. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని బ్రహ్మాండంగా పెంచింది, కానీ వాడినవాళ్ళలో మరణాలు ఎక్కువవడంతో 2006లో ప్రయోగమే ఆపేశారు. నయాసిన్‌తో చేసిన పెద్ద ప్రయోగాల్లోనూ లాభం కనిపించలేదు. హెచ్‌డీఎల్ తక్కువ ఉండడం ముప్పుకి గుర్తు. దాన్ని మందుతో పెంచినంత మాత్రాన ముప్పు పోదు.

కరీంనగర్ టు కోరమంగళ:
నేనొక ముచ్చట చెప్త, అందరు గిది జర మనసుల పెట్టుకోండ్రి. మా చిన్నమామకు ఎల్‌డీఎల్ 180 ఉండె. డాక్టర్ గోలీ రాసిండు, ఆర్నెల్లకు 85కు వచ్చింది. మామ ఖుషీ. "నార్మల్ వచ్చింది కద, ఇగ గోలీ ఎందుకు" అని బంద్ జేసిండు. ఎవ్వరికి చెప్పలే, అత్తకు సుత తెల్వదు. ఏడాదిన్నరకు పొద్దుగాల పాల పాకెట్ తేనీకి పోయి దుకాణం ముంగటనే కూలవడ్డడు. బతికిండు, గాని గుండె సగమే పనిజేస్తుందంట ఇప్పుడు.

గోలీ తోటి నార్మల్ వచ్చింది అంటే గోలీ పనిజేస్తున్నదని అర్థం. రోగం పోయిందని కాదు.

ఫార్మసీ అక్క మల్లేశ్వరం:
కరీంనగర్ తమ్ముడు చెప్పింది మా కౌంటరు దగ్గర రోజూ చూస్తాను. మానేస్తే కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్ళీ పాత చోటికే వస్తుంది. "మొదలుపెడితే మానలేమా" అని కావలి తమ్ముడు అడిగాడు. ఇదేం అలవాటుపడే మందు కాదు, మానితే ఒళ్ళు వణకదు. మానితే రక్షణ పోతుంది, అందుకే మానొద్దంటారు.

భయాల్లో మొదటిది కండరాల నొప్పులు. 2020లో వచ్చిన సామ్సన్ అనే ప్రయోగంలో నొప్పులని చెప్పి స్టాటిన్ మానేసినవాళ్ళకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తి మాత్ర (మందు లేనిది), కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చారు. ఏది మింగుతున్నారో వాళ్ళకి తెలియదు. స్టాటిన్‌తో వచ్చిన ఇబ్బందిలో 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని కాదు, నిజంగానే బాధపడ్డారు. చాలావరకు కారణం మందు కాదన్నమాట. అరుదుగా నిజమైన కండర సమస్య ఉంటుంది. విపరీతమైన నొప్పి, నీరసం, మూత్రం కోలా రంగులో రావడం ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రెండోది షుగరు. స్టాటిన్ షుగరు అవకాశాన్ని కొద్దిగా పెంచుతుంది, ముఖ్యంగా ఇప్పటికే సరిహద్దులో ఉన్నవాళ్ళకి. తమ్ముడి 5.8 ఆ కోవలోదే, కాబట్టి ఏటా చూపించుకోవాలి. గుండెకి కలిగే మేలు దానికంటే చాలా పెద్దదని అందుకే ఇస్తున్నారు.

అటోర్వా (అటోర్వాస్టాటిన్) గానీ రోసువా (రోసువాస్టాటిన్) గానీ పగలైనా రాత్రైనా వేసుకోవచ్చు, గుర్తుండే వేళ ముఖ్యం. అటోర్వా, సింవా (సింవాస్టాటిన్) వాడేవాళ్ళకి దగ్గు, గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ రాస్తే మాత్రం స్టాటిన్ వాడుతున్నామని తప్పకుండా చెప్పండి, రెండూ కలిస్తే కండరాలకి ప్రమాదం. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు జనఔషధి కేంద్రంలో అడగండి, అటోర్వా, రోసువా రెండూ చాలా తక్కువకి దొరుకుతాయి.

సహజ జీవనం గారూ, కంపెనీల లాభం గురించి ఒక్కమాట. ఈ మందుకి మూలం జపాన్‌లో అకిరా ఎండో 1973లో ఒక బూజులోంచి వేరుచేసిన పదార్థం. అమెరికాలో మొదటి స్టాటిన్‌కి అనుమతి 1987లో వచ్చింది. ఇప్పుడు వీటి పేటెంట్లు ఎప్పుడో అయిపోయాయి.

సహజ జీవనం:
ఫార్మసీ అక్కగారూ, డాక్టరుగారూ, ఓపిగ్గా చెప్పినందుకు కృతజ్ఞతలు. పుట్టిన బిడ్డ సంగతి, ఆ జన్యువు సంగతి నేను వినలేదు. చదువుతాను. నూనె, చక్కెర విషయంలో నా మాట మీదే ఉంటాను. మా తమ్ముడి రిపోర్టు కూడా తెప్పించి చూస్తాను.

బెళ్ళందూరు కావలి:
టీఎస్‌హెచ్ నార్మల్. లైపోప్రొటీన్-ఏ 82 మిల్లీగ్రాములు వచ్చింది, 50 దాటకూడదని రాసుంది. దీని అర్థమేంటి మేడమ్? ఆఫీసులో తోటివాళ్ళు ముందు ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) చేయించుకో, అవి బాగుంటే భయం లేదంటున్నారు. హాసన్ జిల్లాలో వరుసగా గుండెపోటు మరణాలని వార్తలు వచ్చినప్పుడు మా టీమ్‌లో సగం మంది చేయించుకున్నారు.

జయనగర్ డాక్టరమ్మ:
లైపోప్రొటీన్-ఏ అంటే ఎల్‌డీఎల్ రేణువుకే మరో ప్రొటీన్ తగులుకున్న రూపం. 1963లో నార్వేలో కారె బెర్గ్ గుర్తించారు. ఇది దాదాపు పూర్తిగా వంశపారంపర్యం. తిండి, నడక, స్టాటిన్ దీన్ని చెప్పుకోదగ్గంత తగ్గించలేవు. మన దేశంలో సుమారు నలుగురిలో ఒకరికి ఇది ఎక్కువే. దీనికోసమే తయారవుతున్న మందులు పెద్ద ప్రయోగాల దశలో ఉన్నాయి.

తగ్గించలేనప్పుడు కొలవడం ఎందుకంటారా? మీ నాన్నగారికి 47లో ఎందుకొచ్చిందో బహుశా ఇందులోనే జవాబుంది. ఇది ఎక్కువున్నవాళ్ళు మన చేతిలో ఉన్న ఎల్‌డీఎల్, బీపీ, షుగరుల్ని మరింత గట్టిగా పట్టుకోవాలి. మీ డాక్టరు లక్ష్యాన్ని 100 నుంచి 70కి దించవచ్చు. కాగితం పట్టుకుని ఈ వారమే వెళ్ళండి. తోబుట్టువులుంటే వాళ్ళూ చేయించుకోవాలి.

టీఎంటీ గురించి మీ తోటివాళ్ళకి తప్పక చెప్పండి. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పుడూ, 2025లో హాసన్ వార్తలప్పుడూ జయదేవ గుండె ఆస్పత్రి ముందు జనం బారులు తీరారు. అందరూ అడిగింది ఈసీజీ, ఎకో. రక్తనాళం బాగా ఇరుకయ్యాకే టీఎంటీలో తేడా కనిపిస్తుంది. చాలా గుండెపోట్లు మరీ ఇరుకు కాని పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. నిన్న టీఎంటీ బాగున్న మనిషికి ఇవాళ గుండెపోటు రావడం అందుకే. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందేమో స్కాన్‌లో చూసే సీటీ కాల్షియం స్కోరు కూడా 40 లోపు వాళ్ళకి సున్నా వస్తే పూర్తి భరోసా కాదు, మెత్తని పూడికలో ఇంకా కాల్షియం చేరి ఉండదు. మీ వయసులో ఎక్కువ విషయం చెప్పేది మామూలు లిపిడ్ ప్రొఫైలే. మార్గదర్శకాలు మొదటిసారి 18 ఏళ్ళకే చేయించుకోమంటున్నాయి.

హిందూపురం పెద్దాయన:
అమ్మా, నాదొక ప్రశ్న. రోసువా 20 మింగుతాండా. ఎల్‌డీఎల్ 78 దగ్గర నిల్చిపోయింది. 40 చేస్తే సరిపోతాదా?

జయనగర్ డాక్టరమ్మ:
పెద్దాయనా, మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది 6 శాతం వరకే. 78 కాస్తా 73 అవుతుంది. మీకు కావాల్సింది 55 లోపు. ఎజెటిమైబ్ అనే మాత్ర పేగులోంచి కొలెస్ట్రాల్ రక్తంలోకి పోకుండా ఆపుతుంది, స్టాటిన్‌కి జోడిస్తే మరో 20 శాతం దాకా తగ్గిస్తుంది. రెండూ కలిపిన మాత్రలూ ఉన్నాయి. అప్పటికీ దిగకపోతే బెంపెడోయిక్ ఆసిడ్ అనే ఇంకో మాత్ర, ఆ తర్వాత ఇంజెక్షన్లు. ఇందాక చెప్పిన పీసీఎస్‌కే9నే అడ్డుకునేవి అవి. ఇంక్లిసిరాన్ అయితే మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి. ఖరీదు ఎక్కువ. మీకు మొదటి మెట్టుతో 78 కాస్తా 62 దగ్గరికి రావచ్చు, 55 లోపుకి ఇంకో మెట్టు కావాల్సి రావచ్చు, ముందు మీ కార్డియాలజిస్టుని ఎజెటిమైబ్ గురించి అడగండి.

కరీంనగర్ టు కోరమంగళ:
ఒక్కటి నేను సుత చెప్త. ఛాతీల బరువు, ఎడమ చెయ్యికి గుంజుడు, చెమటలు వస్తే గ్యాస్ అని సోడా తాగుకుంట కూసోవద్దు. కర్ణాటకల పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి కింద తాలూకా దవాఖానల్ల సుత ఈసీజీ తీసి పెద్ద దవాఖానకు పంపి చూపిస్తరు, గడ్డ కరిగే టెనెక్టిప్లేజ్ సూది ముఫత్‌గ ఇస్తరు. ఊరికి పోయినప్పుడు తొవ్వల ఇట్లయితే యాదికి పెట్టుకోండ్రి.

హెబ్బాళ కోడలు:
చాలా రోజులుగా చదువుతున్నాను, అడగాలంటే మొహమాటం. నాకు 29. ఎల్‌డీఎల్ 214 ఉంటే అటోర్వా 20 వాడుతున్నా. మా అమ్మకీ మేనమామకీ ఇలాగే ఎక్కువ. ఇప్పుడు పిల్లల కోసం అనుకుంటున్నాం. అత్తయ్యగారికి మాత్ర సంగతి తెలియదు. ఏం చేయాలి?

జయనగర్ డాక్టరమ్మ:
అమ్మా, మంచి సమయంలో అడిగారు. గర్భం అనుకుంటున్నప్పుడే మీ డాక్టరుకి చెప్పాలి, నెల తప్పాక కాదు. సాధారణంగా గర్భానికి ముందే స్టాటిన్ ఆపిస్తారు, పాలిచ్చే కాలంలో కూడా ఇవ్వరు. తెలియకుండా కొన్ని రోజులు వాడినా హడలిపోవద్దు, వెంటనే ఆపి డాక్టరుని కలవండి. గర్భంలో కొలెస్ట్రాల్ ఎవరికైనా సహజంగానే పెరుగుతుంది, ఆ నెలల్లో అంకె చూసి దిగులు పడక్కర్లేదు. కాన్పై, పాలు మాన్పించాక మళ్ళీ మొదలుపెట్టడం మాత్రం మర్చిపోకూడదు. చాలామంది ఆడపిల్లల విషయంలో తప్పిపోయేది అక్కడే. బిడ్డ పనిలో పడి ఏళ్ళు గడిచిపోతాయి.

ఎల్‌డీఎల్ 190 దాటి, ఇంట్లో రెండు మూడు తరాల్లో కనిపిస్తోందంటే ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరొలీమియా అనే జన్యు సమస్య కావచ్చు. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. అది నిర్ధారణ అయితే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. కాబట్టి మీవారి లిపిడ్ ప్రొఫైల్ కూడా ఇప్పుడే చూపించండి. ఇద్దరికీ ఇదే సమస్య ఉంటే బిడ్డ విషయంలో ముందునుంచే పిల్లల డాక్టరుతో మాట్లాడాల్సి ఉంటుంది. అత్తయ్యగారికి మీరు చెప్పలేకపోతే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణీ తీసుకెళ్ళండి, మేం చెబుతాం.

హెబ్బాళ కోడలు:
ధన్యవాదాలు మేడమ్. ఆయనకి ఇప్పటిదాకా ఒక్కసారీ చేయించలేదు. శనివారం ఇద్దరం వెళ్తున్నాం.

కేఆర్ పురం ల్యాబ్ తమ్ముడు:
అక్కా, బావగారికి లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు లైపోప్రొటీన్-ఏ కూడా అడగండి. అది ప్యాకేజీల్లో ఉండదు, చీటీలో విడిగా రాయించాలి. మీకూ చేయించకపోయి ఉంటే ఇద్దరికీ ఒకేసారి ఇచ్చేయండి.